బల్ల కింద కుక్క, ఒళ్ళో కుక్క, పాటియోలో కుక్క: ఏది మేలు?

డాలస్ చుట్టుపక్కల హోటల్ పెట్టిన మనవాళ్ళు, పెట్టబోతున్నవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో మొదటిది చలికాలంలో దోసెల పిండి పులియకపోతే ఏం చేయాలని. రెండోది, "అక్కా, కుక్కతో వచ్చారు, లోపలికి రానివ్వాలా?" మా మరిది హోటల్లో శని, ఆదివారాలు కౌంటర్ మీద కూర్చోవడం మొదలుపెట్టి ఐదేళ్ళయింది. రెండో ప్రశ్నకి ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందే చెప్పేస్తున్నా, నాకు కుక్కలంటే భయం. తెనాలిలో ట్యూషన్ నుంచి వచ్చే దారిలో వీధి మొగదల నాలుగు కుక్కలు కాపు కాసేవి. మా అన్నయ్యకి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పడ్డాయి. నేను కుక్కల పక్షం అని ఎవరూ అనుమానపడక్కర్లేదు.

సర్వీస్ డాగ్ వేరు, ఎమోషనల్ సపోర్ట్ డాగ్ వేరు. మొదటిది వైకల్యం ఉన్న మనిషికి ఫలానా పని చేసిపెట్టడానికి శిక్షణ పొందింది, ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల కోసం ఉన్న అమెరికా చట్టం) ప్రకారం దానికి లోపలికి వచ్చే హక్కుంది. రెండోది ఊరికే పక్కనుండి మనసుకి ఊరటనిచ్చేది, దానికి ఆ హక్కు లేదు. పోనీలే పాపం అని మనం రానివ్వాలనుకున్నా హెల్త్ కోడ్ ఒప్పుకోదు. చిక్కంతా గుమ్మం దగ్గరే. రెండూ ఒకేలా ఉంటాయి, రెండింటికీ ఎర్ర కోటు ఉండొచ్చు. ఆ కోటు ఆన్‌లైన్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. సర్టిఫికెట్లు అమ్మే సైట్లకీ లెక్కలేదు, కానీ చట్టం ముందు ఆ కాగితాలు చిత్తుకాగితాలే. నిజమైన సర్వీస్ డాగ్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలనీ లేదు, కోటు ఉండాలనీ లేదు. నా అనుభవంలో అడక్కుండానే కార్డు తీసి చూపించేవాళ్ళ కుక్కలే ఎక్కువ అల్లరి చేశాయి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మొదటి ఏడాది, అరవై దాటిన ఒకాయన నల్ల లాబ్రడార్‌తో వచ్చాడు. కార్డు చూపించమన్నాను. ఆయన కోప్పడలేదు. "మీరు నన్ను రెండు ప్రశ్నలు అడగొచ్చు. ఇది ఆ రెండిట్లో లేదు" అన్నాడు. వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగేనా? ఏ పని చేయడానికి దీనికి శిక్షణ ఇచ్చారు? ఈ రెండే. జబ్బేమిటని అడక్కూడదు, ఆ పని ఇక్కడ చేయించి చూపించమనకూడదు. నేను తడబడుతూ అడిగితే, "షుగర్ పడిపోయే ముందు నాకు చెబుతుంది" అన్నాడు.

ఆయన కూర్చోగానే కుక్క బల్ల కిందికి దూరి మడతపెట్టిన దుప్పటిలా సర్దుకుంది. మా సర్వర్ కుర్రాడు పక్క బల్లకి నెయ్యి దోసె తీసుకెళ్తూ ప్లేటు వంచేశాడు. దోసె, బంగాళాదుంప కూరతో సహా, సరిగ్గా ఆ కుక్క ముక్కుకి జానెడు దూరంలో పడింది. పొగలు కక్కుతోంది. కుక్క తల ఎత్తలేదు. కళ్ళు మాత్రం ఒకసారి దోసె మీదికి వెళ్ళి మళ్ళీ ఆయన బూటు మీదికి వచ్చేశాయి. నేను చీపురూ చేటా పట్టుకుని వంగి ఎత్తుతున్నంతసేపూ చేతులు వణుకుతూనే ఉన్నాయి, అది మాత్రం చెవి కూడా కదపలేదు. మా పిల్లలు నెయ్యి దోసె ముందు అంత నిగ్రహంగా కూర్చున్న రోజు ఇప్పటిదాకా లేదు.

రెండోరకం కూడా ఆ ఏడాదే చూశాను. ఒకావిడ బుల్లి కుక్కని పిల్లల స్ట్రోలర్లో తోసుకుంటూ వచ్చింది. సర్వీస్ డాగే అంది. ఏ పని చేస్తుందంటే, "దగ్గరుంటే నాకు టెన్షన్ తగ్గుతుంది" అంది. ఆ జవాబు దగ్గరే నేను ఆపాల్సింది. కొత్త, మొహమాటం, రానిచ్చాను. అది ఆవిడ ఒళ్ళో కూర్చుని ముందు కాళ్ళు బల్ల మీద పెట్టింది. సాంబారు గిన్నె వాసన చూసింది. స్టీలు గ్లాసు చప్పుడైనప్పుడల్లా మొరిగింది. పక్క బల్ల దగ్గర గుడికి వెళ్ళి ఇటే వచ్చిన ఆంటీ ఒకావిడ చెయ్యి కడిగేసుకుని లేచి, "అన్నం తినే చోట కుక్కేమిటమ్మాయ్?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆంటీ దగ్గర బిల్లు తీసుకోలేదు.

ఆవిడ టెన్షన్ అబద్ధమని నేననను. మనసు జబ్బులకీ సర్వీస్ డాగులున్నాయి. ఆందోళన ముంచుకొస్తుంటే ముందే పసిగట్టి, ఒళ్ళో బరువు పెట్టి కూర్చోవడమో, మనిషిని బయటికి తీసుకెళ్ళడమో నేర్పిస్తే అది పని కిందికే వస్తుంది. ఊరికే పక్కన ఉంటే హాయిగా ఉండటం పని కాదు.

మరి అబద్ధం చెబితే? అందరూ ఇక్కడే ఆగిపోతారు. టెక్సాస్‌లో మామూలు కుక్కని సర్వీస్ డాగని చెప్పుకుంటే 2023 సెప్టెంబరు నుంచి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, 30 గంటల సమాజసేవ. కానీ కౌంటర్లో ఉన్న మనం పోలీసులం కాదు, అబద్ధం నిరూపించడం మన వల్ల కాదు, ఆ అవసరం కూడా లేదు. జవాబు సరిగ్గా ఉంటే రానివ్వండి, తరవాత కుక్కని చూడండి. అదుపు తప్పి యజమాని ఆపలేకపోయినా, లోపల మలమూత్రాలు చేసినా, నిఖార్సైన సర్వీస్ డాగునైనా సరే బయటికి తీసుకెళ్ళమనే హక్కు మనకుంది. మనిషిని మాత్రం పొమ్మనకూడదు. కుక్కని ఎక్కడైనా ఉంచి వస్తే వడ్డిస్తామని చెప్పాలి. కుర్చీ మీద కూర్చోబెట్టనివ్వక్కర్లేదు, బల్ల దగ్గర తినిపించనివ్వక్కర్లేదు. ఈ సంగతి తెలిశాక నాకు సగం భయం పోయింది.

నా మటుకు నాకు అన్నీ తేల్చేది ఆ నడవడికే. న్యూజెర్సీ మోరిస్‌టౌన్‌లో 'సీయింగ్ ఐ' అనే సంస్థ ఉంది, చూపులేనివాళ్ళకి కుక్కల్ని ఇవ్వడం 1929లో మొదలుపెట్టింది. అక్కడ కుక్కపిల్ల ఏడాది పాటు వాలంటీర్ల ఇళ్ళల్లో పెరిగి, ఆ తరవాత నెలల తరబడి శిక్షణ తీసుకుంటుంది. అయితే కుక్క ఏదో ఒక సంస్థ నుంచే రావాలని చట్టం అనదు. ఎవరి కుక్కకి వాళ్ళే నేర్పుకోవచ్చు. అలాంటప్పుడు కింద పడ్డ దోసెని చూసీ చూడనట్టు ఉండటాన్ని మించిన సర్టిఫికెట్ ఏముంటుంది?

మన హోటళ్ళకి ఇంకో తంటా ఉంది, ఆదివారం బఫే. సర్వీస్ డాగ్ యజమానితో పాటు బఫే వరసలోకి కూడా రావచ్చు. మొదటిసారి విన్నప్పుడు మా మరిది "వదినా, నిజంగానా!" అని తల పట్టుకున్నాడు. నిజమే. వచ్చింది కూడా. కుక్క వల్ల ఏ గొడవా రాలేదు, పిల్లల వల్లే వచ్చింది. ముగ్గురు పిల్లలు దాని తోక నిమురుతూ వెంటపడ్డారు, ఒకడు ఉల్లి పకోడీ నోటికి అందించబోయాడు. ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది. చక్రపొంగలిలో వేసే కిస్‌మిస్ కిడ్నీలని దెబ్బతీయగలదు. పనిలో ఉన్న కుక్కని ముట్టుకోకూడదని తల్లిదండ్రులకి చెప్పాల్సింది మనమే, నవ్వుతూ.

ఎలర్జీ, భయం అని పక్కవాళ్ళు అంటే ఇద్దరినీ దూరదూరంగా కూర్చోబెట్టాలి. ఆ కారణం చెప్పి సర్వీస్ డాగ్‌ని ఆపడానికి లేదు. అలాగని కుక్క ఉన్నాయన్నే ఎప్పుడూ మూలకి తొయ్యకూడదు. నాకు భయమేస్తే ఆ బల్ల ఇంకొకరికి అప్పజెబుతాను, అంతే.

పెంపుడు కుక్కలకి పాటియో ఉంది, అంటే హోటల్ బయట బల్లలు వేసే ఆరుబయలు. 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్ చట్టం ఒప్పుకుంటోంది: గుమ్మం దగ్గర బోర్డు, హోటల్ లోపలినుంచి కాకుండా పాటియోలోకి విడిగా దారి, కుక్కకి లీషు, బల్లలూ కుర్చీలూ ఎక్కనివ్వకపోవడం, వంట పనేదీ అక్కడ చేయకపోవడం. ఎమోషనల్ సపోర్ట్ కుక్కలకీ నేను అదే చూపిస్తాను. స్ట్రోలర్ ఆవిడ రెండోసారి వచ్చినప్పుడు అక్కడే కూర్చోబెట్టాను. ఆవిడా హాయిగా తిన్నది, కుక్కా మొరగలేదు, బహుశా గ్లాసుల చప్పుడు దూరమైనందుకేమో. నన్నడిగితే ఈ మూడింట్లో బల్ల కింద కుక్కకే నా ఓటు, పాటియో కుక్కకి రెండో ఓటు, ఒళ్ళో కుక్కకి లేదు.

మిగతావి త్వరగా. శిక్షణలో ఉన్న కుక్కని ఏడీఏ లెక్కలోకి తీసుకోదు గానీ ట్రైనర్‌తో వస్తే టెక్సాస్ చట్టం రానివ్వమంటుంది. పిల్లి, చిలక, కుందేలు: లేదు. పొట్టి గుర్రం: నవ్వకండి, దానికీ శిక్షణ ఉంటే, మన చోటు సరిపోతే వీలైనంతవరకు రానివ్వాలని రూలుంది. ఇంతవరకు రాలేదు. వస్తే మా మరిదిని పిలుస్తాను.

పాటియోతో ఒకటే ఇబ్బంది. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే రోజుల్లో అక్కడ మనుషులే కూర్చోరు, కుక్కలేం కూర్చుంటాయి. అప్పుడు గుమ్మంలో నిలబడి "ఐదు నిమిషాలేనండీ, ఏసీలో ఓ మూల కూర్చుంటాం" అంటారు. వాళ్ళకి పార్సిల్ కట్టిస్తాను, చట్నీ ఒకటికి రెండు డబ్బాలు పెట్టి.