గేటు దగ్గర కౌంటరా, ఆన్‌లైన్ షాపా?

మ్యూజియం నడవడానికి టికెట్ డబ్బులొక్కటే చాలవు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన కళాఖండాల నమూనాలు, నగలు, కార్డులు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. మరి శ్రీకాకుళం జిల్లాలో బౌద్ధ స్తూపాలున్న మన శాలిహుండం లాంటి చోట, ఇలాంటివి అమ్మడానికి గేటు దగ్గర కౌంటర్ నయమా, ఆన్‌లైన్ షాపు నయమా?

కౌంటర్‌తో టెన్షన్ తక్కువ. వంశధార ఒడ్డున గుట్టెక్కి స్తూపాలు చూసి దిగినవాళ్లు పోస్టుకార్డో, చిన్న బుద్ధుడి బొమ్మో అక్కడికక్కడే కొంటారు. కానీ జనం వచ్చిన రోజే బేరం. మే నెల మధ్యాహ్నం ఆ గుట్ట ఎక్కేదెవరు?

ఆన్‌లైన్‌లో పెడితే హైదరాబాదులో, అమెరికాలో ఉన్న సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్లూ కొంటారు. చిక్కంతా ప్యాకింగులోనే. బొబ్బిలి బుల్లి వీణ పంపాలంటే భయమంతా తీగలు బిగించే బిరడాల గురించే, వాటి చుట్టూ విడిగా మెత్త పెట్టాలి. బుడితి ఇత్తడి చెంబు విరగదు గానీ, దాని బరువుకి పార్సిల్ ఖర్చే లాభాన్ని మింగేస్తుంది. పొందూరు ఖద్దరుకి ఈ గొడవే లేదు, మడతపెట్టి కవర్లో వేస్తే సరి. పెద్ద షాపింగ్ యాప్‌లో పెడితే కమీషన్ అదనం.

నేనైతే వీణని, చెంబుని కౌంటర్లోనే ఉంచి, ఖద్దరు, కార్డులతో ఆన్‌లైన్ మొదలుపెడతాను. ఫొటోలు మాత్రం ట్యూబులైటు కింద కాకుండా, పగటి వెలుతురులో తీయించాలి.