ఖాళీ నోడుకూ ఆకుపచ్చే: ఎలాస్టిక్‌సెర్చ్‌పై ఒక నిర్వాహకుడి సమీక్ష

ఎలాస్టిక్‌సెర్చ్ అంటే పెద్ద డేటాను దాచి, అందులో వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్. దాని వేగం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చూసేది వేరు: క్లస్టర్ (కలిసి పనిచేసే గుంపు) నుంచి బయటికి వెళ్లిన నోడు (ఆ గుంపులో ఒక సభ్యుడు) తిరిగి చేరనప్పుడు ఎలాస్టిక్‌సెర్చ్ మనకు ఎంత సాయం చేస్తుంది? అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. తగ్గిన ఆ ఒక్కటీ దాని మౌనానికి.

మాది మూడు నోడ్ల క్లస్టర్. మొదటి నోడున్న సర్వర్‌ను రీబూట్ చేశాను. సర్వీసు మామూలుగానే లేచింది. బయటి ప్రశ్నలు తీసుకునే 9200 పోర్టులో దాన్ని క్లస్టర్ ఆరోగ్యం అడిగితే ఆకుపచ్చ (అంతా క్షేమం) అంది. మిగతా రెండింటి దగ్గర అడిగితే పసుపు (డేటా ఉంది, కొన్ని నకళ్లు లేవు). వాటిలో ఒకదాని డిస్కు 85 శాతం దాటడంతో దానిపై కొత్త నకళ్లు పెట్టడం ఆగిపోయింది. దొంగ దొరికాడనుకుని గంటసేపు పాత ఇండెక్సులు (డేటా దాచే విభాగాలు) తుడుస్తూ కూర్చున్నాను. నిజానికి అది ఫలితం, కారణం కాదు. నోడు పోయిన నిమిషం తర్వాత దాని వంతు నకళ్లను మిగిలినవాటిపై పెట్టడం మొదలవుతుంది. డిస్కు నిండింది అందుకే.

ఆకుపచ్చ అన్న జవాబును చివరిదాకా చదివి ఉంటే ఆ గంట మిగిలేది. నోడ్ల సంఖ్య: 1. ఒక్క ఇండెక్సూ లేదు, ఇక చెడేదేముంది? ఖాళీ ఇంట్లో చిందరవందర ఉండదు కదా. రెండు వైపులా క్లస్టర్ పేరు ఒకటే, యూయూఐడీలు (ప్రతి క్లస్టర్‌కూ విడిగా ఉండే గుర్తింపులు) మాత్రం వేరు. అంటే మా నోడు దారి తప్పలేదు, వేరు కాపురం పెట్టింది.

తప్పు నాదే, అదీ మూడు ముక్కలుగా. రీబూట్‌లో డేటా డిస్కు మౌంట్ కాలేదు, అంటే సర్వర్‌కు జతపడలేదు. ఫైర్‌వాల్‌లో 9200 తెరిచి, నోడ్లు తమలో తాము మాట్లాడుకునే 9300ను మరిచాను. క్లస్టర్‌ను మొట్టమొదట నిలబెట్టేటప్పుడు ఒక్కసారే కావలసిన ఇనిషియల్ మాస్టర్ నోడ్స్ వరుసను (క్లస్టర్‌ను నడిపే మాస్టర్ తొలి ఎన్నికలో ఓటుండే నోడ్ల పేర్లు), ఈ ఒక్క నోడు పేరుతో, కాన్ఫిగరేషన్‌లో అలాగే వదిలేశాను. పాత జ్ఞాపకం లేదు, తోటివాళ్లు కనబడరు, మాస్టర్‌వి నువ్వేనని కాగితం మీద ఉంది. అదింకేం చేస్తుంది? ఆ వరుస తీసేయమని కొత్త విడుదలలు లాగ్‌లో (అది రాసుకునే చిట్టాలో) హెచ్చరిస్తాయి. నెలల తరబడి దాన్ని దాటేసి చదివాను.

డిస్కు మౌంట్ చేసి, ఆ వరుస తీసి, మళ్లీ మొదలుపెట్టాక మౌనం వీడింది. మాస్టర్ ఇంకా దొరకలేదు, ఎన్నికకు కనీసం రెండు నోడ్లు కావాలి, ఫలానా చిరునామాల్లో వెతుకుతున్నాను అంటూ పది సెకన్లకోసారి లాగ్‌లో రాసింది. ఆ చిరునామాలు చూడగానే 9300 గుర్తొచ్చింది. పోర్టు తెరిచాక నోడు వెంటనే చేరిపోయింది, డేటా అంతా భద్రం. ఇంత వివరంగా చెప్పే లాగ్ సందేశాలు నేను వాడినవాటిలో అరుదు. 2019లో వచ్చిన 7.0 నుంచి మాస్టర్ ఎన్నికకు ఎన్ని ఓట్లు కావాలో అదే లెక్కేసుకుంటుంది. అంతకుముందు ఆ అంకెను మనమే రాసేవాళ్లం, తక్కువగా రాస్తే క్లస్టర్ రెండుగా చీలే ప్రమాదముండేది.

నోడును క్లస్టర్ నుంచి బలవంతంగా విడదీసే పనిముట్టు కూడా ఇందులో ఉంది. డేటా పోయే ప్రమాదముందని అదే చెబుతుంది. ఆ రోజు దాని జోలికి పోనందుకు నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

మా హెచ్చరికలు ఇప్పుడు రంగుతో పాటు నోడ్ల సంఖ్యనూ, యూయూఐడీనీ సరిచూస్తున్నాయి.