పేరుకి 1500 కట్టాం, పెట్టింది మాత్రం మామ్మ చెప్పిన పేరే (5కి 2 స్టార్లు)

వైజాగ్ ద్వారకానగర్‌లో పిల్లలకి పేర్లు సెలెక్ట్ చేసి ఇచ్చే ఆఫీసు ఒకటుంది, ఏదో రాయను గానీ మా పాప బారసాలకి అక్కడే 1500 ప్యాకేజీ తీసుకున్నాం. పుట్టిన టైము వాట్సాప్‌లో పెడితే రెండ్రోజుల్లో జాతకం, 20 పేర్లు పీడీఎఫ్ పంపిస్తారు. టైముకే పంపారు, అది ఒప్పుకోవాలి.

పాపది చిత్త ఒకటో పాదం, అక్షరం 'పే'. పే తో ఏం పేర్లుంటాయండీ! పేహల్ అంట. పేరిణి అంట, అది కాకతీయుల కాలంనాటి మగాళ్ల డాన్సు కదా అంటే అవతల సౌండ్ లేదు. సగం పేర్లకి అర్థం దగ్గర 'అందమైనది' అనే ఉంది, కాపీ పేస్ట్.

ఇదంతా వింటూ కూర్చున్న మా మామ్మ "ఏట్రా ఆ పేర్లు, నోరు తిరగట్లేదు, పైడమ్మ అని పెట్టండి గుంటకి" అంది. మాది విజయనగరం వైపు, దసరా అయిన మంగళవారం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూడకపోతే మామ్మకి ఏడాది గడవదు, మా ఊళ్లో ఇంటికో పైడిరాజు, పైడితల్లి ఉండేవారు, ఇప్పుడు పిల్లల్లో ఒక్కరూ లేరు. మా ఆవిడ 'అమ్మ' తీసేసి "పైడి" అని ఒకసారి పిలిచి చూసింది, అంతే. రెండే అక్షరాలు, అచ్చ తెలుగు, అర్థం బంగారం. ఇక్కడ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి పేరులో ఉన్న కనకం కూడా అదే కదా. పంతులుగారిని అడిగితే పే కి పై చెల్లుతుంది అన్నారు. బియ్యంలో బంగారపు ఉంగరంతో పైడి అని రాస్తుంటే నాకే నవ్వొచ్చింది.

ఆఫీసుకి చెప్తే "మరీ ఓల్డ్ సార్, స్కూల్లో ఏడిపిస్తారు" అన్నారు. ఓల్డ్ అయితే ఏం, క్లాసులో నలుగురు అన్వికలుంటే టీచర్ ఇంటిపేరు పెట్టి పిలవాలి, మా దానికి ఆ గొడవ లేదు. కాకపోతే ఒక మంచి మాట చెప్పారు, ఇంగ్లీషులో పీ ఏ ఐ డీ ఐ అని రాస్తే 'పెయిడ్' అని చదువుతారు, ఫీజు కట్టావా అని జోకులేస్తారు అని. నిజమే, మాకు తట్టలేదు. అందుకే సర్టిఫికెట్‌లో పీ వై డీ ఐ అని రాయించాం.

ఒక స్టారు టైముకి పంపినందుకు, ఇంకోటి ఆ స్పెల్లింగుకి. న్యూమరాలజీ కోసం చివర్న ఇంకో ఐ తగిలించాలి, దానికి 500 ఎక్స్‌ట్రా అన్నారు, వద్దన్నాం.