ఖాళీ కనెక్షన్‌ను ఎవరు మూయాలి: యాప్ పూలా, పీజీబౌన్సరా, పోస్ట్‌గ్రెసా?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ పుట్టిస్తుంది. దానికి తోడు టీసీపీ (నెట్‌వర్క్ లంకె), టీఎల్‌ఎస్ (గుప్తీకరణ), పాస్‌వర్డ్ తనిఖీ సరేసరి. రెండు మిల్లీసెకన్ల క్వెరీకి ప్రతిసారీ ఇంత తతంగం దండగ. రాత్రిపూట ఒకసారి నడిచే స్క్రిప్టుకైతే తెరిచి మూసేయడమే చాలు. మిగతా చోట్ల తెరిచిన కనెక్షన్లను అట్టిపెట్టి మళ్లీ వాడుకోవాలి; ఖాళీగా ఉన్నవాటిని మూసే పోటీ మూడింటి మధ్యే: యాప్‌లోని పూల్ (తెరిచిన కనెక్షన్ల నిల్వ), యాప్‌కూ డేటాబేస్‌కూ మధ్య కూర్చునే పీజీబౌన్సర్, పోస్ట్‌గ్రెస్.

మొదటి ఓటు యాప్‌లోని పూల్‌కే. జావాలోని పూల్ లైబ్రరీ హికారీసీపీ డిఫాల్టులు: 10 కనెక్షన్లు, ఐడిల్‌టైమౌట్ (ఖాళీగా ఉండనిచ్చే సమయం) 10 నిమిషాలు, మ్యాక్స్‌లైఫ్‌టైమ్ (కనెక్షన్ గరిష్ఠ ఆయుష్షు) 30 నిమిషాలు. చాలామంది ఐడిల్‌టైమౌట్ తగ్గించి, కనెక్షన్లు ఎందుకు మూతపడట్లేదని తల పట్టుకుంటారు. మినిమమ్‌ఐడిల్ (ఖాళీగా ఉన్నా అట్టిపెట్టే కనీస సంఖ్య) విడిగా ఇవ్వకపోతే అది మ్యాక్సిమమ్‌పూల్‌సైజ్‌తో సమానం. అప్పుడు ఐడిల్‌టైమౌట్‌ను పూల్ అసలు పట్టించుకోదు. మినిమమ్‌ఐడిల్ 2 అని పెడితేనే మిగతా 8 మూతపడతాయి.

గో భాషలో తంటా తలకిందులు. సెట్‌మ్యాక్స్‌ఐడిల్‌కాన్స్ (ఖాళీగా ఉంచుకునే గరిష్ఠ సంఖ్య) డిఫాల్ట్ 2, తెరిచేవాటికి హద్దే లేదు. రద్దీలో 40 తెరుచుకుంటాయి, పని కాగానే 38 మూతపడతాయి, మరుక్షణం మళ్లీ తెరుచుకుంటాయి. పేరుకే పూల్! రెండు హద్దులూ 20కి పెట్టి, సెట్‌కాన్‌మ్యాక్స్‌ఐడిల్‌టైమ్ (ఖాళీగా ఉండనిచ్చే సమయం) 5 నిమిషాలు ఇవ్వండి. ఇది గో 1.15 నుంచి ఉంది.

ఆ 5 నిమిషాలు గాలిలోంచి తీసిన అంకె కాదు. ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌లో ట్రాఫిక్‌ను బయటికి దాటించే నాట్ గేట్‌వే 350 సెకన్లు కదలిక లేని కనెక్షన్‌ను వదిలేస్తుంది. దారిలో ఎవరు తెంచినా పూల్‌కు ఆ సంగతి తెలియదు. ఫైర్‌వాల్ చడీచప్పుడు లేకుండా తెంచితే హికారీ ఒక్కో చచ్చిన కనెక్షన్‌ను పరీక్షిస్తూ 5 సెకన్ల దాకా ఆగిపోతుంది. పొద్దున్నే మొదటి రిక్వెస్టులు నత్తనడక నడిస్తే ముందు ఇదే అనుమానించాలి. అట్టిపెట్టుకునే కనెక్షన్లకు కీప్‌అలైవ్‌టైమ్ (ఇంతసేపటికోసారి కనెక్షన్‌ను పలకరించే సెట్టింగ్) 2 నిమిషాలు పెడితే సరి.

ఒక్కో పాడ్‌లో (నడుస్తున్న యాప్ ప్రతిలో) 10 చొప్పున 15 పాడ్లు లేస్తే 150. పోస్ట్‌గ్రెస్ మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 100. పీజీబౌన్సర్ అక్కర పడేది అప్పుడే, అదీ ట్రాన్సాక్షన్ మోడ్‌లో, అంటే ట్రాన్సాక్షన్ ముగియగానే సర్వర్ కనెక్షన్‌ను ఇంకొకరికి ఇచ్చే పద్ధతిలో. డిఫాల్ట్ అయిన సెషన్ మోడ్‌లో ఉంచేస్తే లాభం సున్నా: యాప్ పూల్ పట్టుకున్నంతసేపూ వెనక సర్వర్ కనెక్షన్ కూడా బందీయే. ట్రాన్సాక్షన్ మోడ్‌కూ మూల్యం ఉంది. లిజన్ (నోటిఫికేషన్ల కోసం వినడం), సెషన్ స్థాయి సెట్ (సెట్టింగ్ మార్పు), సెషన్ స్థాయి అడ్వైజరీ లాకులు (యాప్ తనకు తానే వేసుకునే తాళాలు) పనికిరావు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసిన క్వెరీలు) కావాలంటే పీజీబౌన్సర్ 1.21 లేదా తర్వాతి వెర్షన్ ఉండాలి.

ఇక పోస్ట్‌గ్రెస్ 14లో వచ్చిన ఐడిల్ సెషన్ టైమౌట్: ఖాళీ సెషన్‌ను సర్వరే మూసేస్తుంది. పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్‌లైన్ క్లయింట్) తెరిచి భోజనానికి వెళ్లిపోయే మనుషుల రోల్‌కు (డేటాబేస్ యూజర్‌కు) మాత్రమే దాన్ని పెట్టండి. యాప్ రోల్‌కు పెడితే పూల్ చేతిలో చచ్చిన కనెక్షన్లు మిగులుతాయి.

ట్రాన్సాక్షన్ మధ్యలో ఖాళీగా ఆగిపోయిన సెషన్‌ను మూసే ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్ సంగతి వేరు. యాప్ రోల్‌కు దాన్ని 60 సెకన్లకు పెట్టాల్సిందే. బిగిన్ చేసి (ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి) కమిట్ (ముగింపు) మరిచిన కనెక్షన్ లాకులు పట్టుకుని, పాత వరుసలను శుభ్రం చేసే వాక్యూమ్‌కూ అడ్డుపడుతుంది. పూల్ లెక్కలో అది వాడకంలో ఉన్నట్టే, అందుకే మూయదు. కనెక్షన్ తిరిగి రాకపోతే హెచ్చరించే హికారీలోని లీక్‌డిటెక్షన్‌థ్రెషోల్డ్ సైతం లాగ్‌లో స్టాక్ ట్రేస్ రాసి ఊరుకుంటుంది.