సభ్యత్వ సైటుకు ఏది మేలు: సొంత కోడా, అల్టిమేట్ మెంబరా, పెయిడ్ మెంబర్‌షిప్స్ ప్రోనా?

వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) సైటులో సభ్యత్వం పెట్టాలనగానే అందరి దృష్టీ ఫారం ఎలా కనబడాలన్న దాని మీదే ఉంటుంది. అది ఆఖరున చూసుకోవచ్చు. ముందు మూడు సంగతులు తేల్చుకోండి: సభ్యత్వానికి గడువుందా, రుసుముందా, ఒకరి వివరాలు ఇంకొకరికి కనబడాలా? మూడింటికీ లేదు అనే జవాబైతే అల్టిమేట్ మెంబర్, పెయిడ్ మెంబర్‌షిప్స్ ప్రో లాంటి ప్లగిన్ల (సైటుకు అదనపు పనులు జోడించే సాఫ్ట్‌వేర్) జోలికి వెళ్లనక్కర్లేదు.

సెట్టింగ్స్‌లో జనరల్ పేజీకి వెళ్లి 'ఎనీవన్ కెన్ రిజిస్టర్' దగ్గర టిక్ పెట్టండి. కొత్తవాళ్ల రోల్‌ను (సైటులో వాళ్ల హోదాను) సబ్‌స్క్రైబర్‌గానే ఉంచండి. అప్పుడు వచ్చే ఫారంలో యూజర్‌నేమ్, ఈమెయిల్ రెండే గడులుంటాయి. పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు మెయిల్‌లో వెళ్తుంది. ఊరు, ఫోన్ నంబరు కూడా కావాలంటే మూడు హుక్‌లకు (వర్డ్‌ప్రెస్ పనిలో మన కోడు తగిలించే చోట్లు) కోడు రాయాలి: గడి చూపడానికి 'రిజిస్టర్_ఫారం', తప్పులు పట్టడానికి 'రిజిస్ట్రేషన్_ఎర్రర్స్', సభ్యుల అదనపు వివరాలుండే యూజర్‌మెటా టేబుల్లో దాచడానికి 'యూజర్_రిజిస్టర్'. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నంబరు డేటాబేస్‌లో భద్రంగా ఉంటుంది గానీ అడ్మిన్ ప్రొఫైల్ పేజీ తెరిస్తే కనబడదు. అక్కడ చూపడానికి రెండు హుక్‌లు, మార్పులు సేవ్ చేయడానికి మరో రెండు రాయాలి. మూడనుకున్నవి ఏడయ్యాయన్నమాట. ఈ కోడంతా థీమ్‌లో (సైటు రూపాన్ని తీర్చే ఫైళ్లలో) కాకుండా చిన్న ప్లగిన్‌గా పెట్టండి, లేకపోతే థీమ్ మార్చిన రోజున గడులన్నీ మాయమవుతాయి.

మన పేర్లతో వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. యూజర్‌నేమ్ తెలుగు లిపిలో టైపు చేస్తే వర్డ్‌ప్రెస్ తిప్పికొడుతుంది. పైకి కనబడే డిస్‌ప్లే నేమ్ మాత్రం తెలుగులో ఉండొచ్చు. ఆ ముక్క గడి కిందే రాసేయండి. ఇక ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెడితే కొందరు ఇంటిపేరు మొదటి దాంట్లో, కొందరు రెండో దాంట్లో రాస్తారు. ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే రాసేవాళ్లను 'కనీసం రెండక్షరాలు' అన్న షరతు గుమ్మంలోనే ఆపేస్తుంది. 'పూర్తి పేరు' అని ఒకే గడి పెట్టడం మేలు.

పూర్వ విద్యార్థుల సంఘం లాంటిదైతే లెక్క మారుతుంది. సభ్యుల జాబితా, ఫొటోతో ప్రొఫైలు, ఊరిని బట్టి వెతకడం, ఇవన్నీ సొంతంగా రాసుకోవడం దండగ. ఉచితంగా దొరికే అల్టిమేట్ మెంబర్‌లో అవి ముందే ఉన్నాయి. రోల్ సెట్టింగుల్లో మూడు దారులుంటాయి: వెంటనే ఆమోదం, మెయిల్ ధ్రువీకరణ తర్వాత, అడ్మిన్ చూశాక. చిన్న సంఘానికి మూడోదే సరి. దొంగ ఖాతాలు అక్కడే ఆగిపోతాయి. అయితే అప్‌డేట్లు వాయిదా వేసే అలవాటుంటే ఈ దారి వద్దు. 2023లో ఇందులో పెద్ద లోపం బయటపడింది. రిజిస్ట్రేషన్ ఫారంలోంచే తమ హోదాను అడ్మినిస్ట్రేటర్‌గా రాసుకుని బయటివాళ్లు సైటులో చొరబడ్డారు, 2.6.7 వెర్షన్‌తో సరిదిద్దారు. బయటివాడు నింపే ఫారం ఏదైనా ఈ ముప్పు ఉండొచ్చు. సొంత కోడులోనూ వచ్చిన ప్రతి గడినీ గుడ్డిగా దాచేస్తే ఇదే జరుగుతుంది.

డబ్బు, గడువు ఉంటే పెయిడ్ మెంబర్‌షిప్స్ ప్రో. స్థాయిలు, ధరలు, కాలపరిమితి, ఆర్డర్ల లెక్క అన్నీ అందులోనే ఉంటాయి. గడువు తీరినవాడి స్థాయి పోతుంది, ఖాతా మిగులుతుంది. అమెరికాలోని తెలుగు సంఘానికి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే స్ట్రైప్, పేపాల్ సరిపోతాయి. ఇక్కడ అంత తేలిక కాదు: 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ దేశీయ చెల్లింపులు తీసుకోవడం లేదు. కార్డు మీద దానంతటదే రెన్యువల్ పెట్టుకుంటే 24 గంటల ముందు కబురు, 15,000 రూపాయలు దాటితే మళ్లీ ఓటీపీ వంటి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు వర్తిస్తాయి. ఏడాదికొకసారి కట్టించుకుని, గడువుకు ముందు గుర్తుచేసే మెయిల్ పంపడమే సుఖం. ఆ మెయిళ్లు, గడువు ముగించే పని డబ్ల్యూపీ-క్రాన్ (ఎవరైనా సైటుకు వచ్చినప్పుడు కదిలే వర్డ్‌ప్రెస్ టైమర్) మీద నడుస్తాయి. సైటుకెవరూ రాని రోజున అది కదలదు. సర్వర్‌లో అసలు క్రాన్ (వేళకు పని నడిపే సర్వర్ సొంత టైమర్) 15 నిమిషాలకోసారి పెట్టండి.

జాబితా, డబ్బు రెండూ కావాలి కదా అని రెండు ప్లగిన్లూ ఒకేసారి వేస్తారు. రెండు రిజిస్ట్రేషన్ పేజీలు, రెండు ప్రొఫైళ్లు తయారవుతాయి. ఒక దారిన చేరినవాడికి స్థాయి ఉండదు, రెండో దారిన చేరినవాడికి ఫొటో ఉండదు. డబ్బు వసూలు చేసేదాన్నే ఉంచి, జాబితాకు దాని యాడ్-ఆన్ వాడండి.

ఏది ఎంచుకున్నా మెయిల్ ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ సర్వర్‌లో లాగిన్ అయి పంపే పద్ధతి) ద్వారా పంపండి, మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువుచేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిచూసుకోండి. లేకపోతే పాస్‌వర్డ్ లింకు స్పామ్‌లో పడి ఉంటుంది, మీకు ఫోన్లు వస్తుంటాయి. సభ్యుల పేజీలను క్యాషింగ్ (తయారైన పేజీని దాచి అందరికీ అదే చూపడం) నుంచి మినహాయించండి. లేదంటే ఒకరి ప్రొఫైలు ఇంకొకరికి తెరుచుకోవచ్చు. పేజీకి తాళం వేసినంత మాత్రాన అందులోని పీడీఎఫ్‌కు తాళం పడదు. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోని ఆ ఫైలు లింకు కాపీ చేసి, లాగౌట్ అయి, ప్రైవేట్ విండోలో అతికించి చూడండి. తెరుచుకుందంటే ఆ ఫైలును అప్‌లోడ్స్ నుంచి తీసి వెబ్ ఫోల్డర్ బయట పెట్టి, లాగిన్ తనిఖీ చేశాకే ఇచ్చే స్క్రిప్టు రాయించాలి.