టెక్సస్ స్టేట్ పార్కుల వేసవి కార్యక్రమాలు: వెళ్లేవారి కోసం ఒక సమీక్ష

టెక్సస్‌లో బడులు మే నెలాఖరు ప్రాంతంలో మూతపడి ఆగస్టులో గాని తెరుచుకోవు. ఆ రోజులు గడపడానికి తల్లిదండ్రులు వారం వారం వందల డాలర్లు కట్టి పిల్లలను సమ్మర్ క్యాంపులకు పంపుతుంటారు. రాష్ట్ర ప్రభుత్వపు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ తన స్టేట్ పార్కుల్లో నడిపే కార్యక్రమాల సంగతి మాత్రం మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి తెలియదు. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. పిల్లలకు నేర్పడంలో ఇవి చాలా బాగున్నాయి, ఖర్చు విషయంలో ఇంకా బాగున్నాయి. కానీ వేసవి భద్రతలో పార్కు సిబ్బంది చూసుకునేదానికన్నా మనం చూసుకోవలసిందే ఎక్కువ. ఆ బాధ్యత తమది కాదనుకునేవారికి నేను వీటిని సిఫారసు చేయను.

ముందు ఖర్చు సంగతి. 70 డాలర్ల వార్షిక పాస్ ఉంటే, పాస్ ఉన్నవారితో పాటు అదే వాహనంలో వచ్చినవారందరూ రాష్ట్రంలోని 80కి పైగా పార్కుల్లో ఏడాది పొడవునా ప్రవేశ రుసుము లేకుండా వెళ్లవచ్చు. పాస్ లేకపోయినా చాలా పార్కుల్లో పెద్దలకు రోజు రుసుము 10 డాలర్ల లోపే ఉంటుంది, 12 ఏళ్లు దాటని పిల్లలకు అసలు రుసుమే లేదు. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చి ఉన్న ఇంటికి రెండు మూడు సార్లు వెళ్లేసరికే పాస్ డబ్బు తిరిగి వచ్చినట్లే. అయితే గుడారం వేసుకునే స్థలానికి అద్దె వేరుగా కట్టాలి, నేషనల్ పార్కుల కోసం కొన్న పాస్ ఇక్కడ చెల్లదు.

పాస్ చేతిలో ఉంది కదా అని శనివారం ఉదయం తీరిగ్గా బయలుదేరడం మాత్రం తెలివైన పని కాదు. టెక్సస్ భూమిలో సుమారు 95 శాతం ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో ఉంది; మిగిలిన కాస్త చోటికే నగరాల జనమంతా సెలవు రోజుల్లో చేరాలి. ఎన్‌చాంటెడ్ రాక్ వంటి పేరున్న పార్కులు నిండిపోగానే గేటు మూసేస్తాయి, పాస్ ఉన్నా లోపలికి పంపరు. రోజు ప్రవేశాన్ని ఒక నెల ముందు నుంచి, క్యాంపింగ్ స్థలాన్ని ఐదు నెలల ముందు నుంచి ఆన్‌లైన్‌లో కేటాయించుకోవచ్చు కాబట్టి, జూలై ప్రయాణం గురించి ఫిబ్రవరిలోనే ఆలోచించడం మేలు. కొత్త పార్కులకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు ఓటర్లు రెండుసార్లు సమాధానం చెప్పారు. క్రీడా సామగ్రి అమ్మకాలపై వచ్చే పన్నును పార్కులకు, చారిత్రక స్థలాలకు కేటాయించాలని 2019లో, కొత్త పార్కుల భూమి కొనుగోలుకు 100 కోట్ల డాలర్ల నిధి ఏర్పాటు చేయాలని 2023లో రాజ్యాంగ సవరణలను ఆమోదించారు. అంటే మనం దుకాణంలో గుడారం కొన్నప్పుడు కట్టే పన్ను కూడా చివరికి ఆ గుడారం వేసే నేలకే చేరుతోంది.

ఇక కార్యక్రమాల్లోకి వస్తే, అన్నింటికన్నా తక్కువ ప్రచారం ఉండి ఎక్కువ ఉపయోగపడేది జూనియర్ రేంజర్ సంచి. చాలా పార్కుల కార్యాలయాల్లో దీన్ని పైసా తీసుకోకుండా అరువిస్తారు. అందులో బైనాక్యులర్స్, భూతద్దం, పక్షులను, జంతువుల అడుగుజాడలను గుర్తుపట్టే పుస్తకాలు, బొమ్మలు వేసుకోవడానికి రంగులు, ఒక చిన్న డైరీ ఉంటాయి. పిల్లలు డైరీలోని పనులు పూర్తిచేసి తీసుకొస్తే రేంజర్ వారి చేత ప్రతిజ్ఞ చేయించి బ్యాడ్జి ఇస్తారు. దూరం నుంచి ఓక్ చెట్టు బెరడు మీద బూడిదరంగు మరకలా కనిపించే లైకెన్‌లో (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి) భూతద్దం కింద సన్నని గిన్నెల వంటి భాగాలు తేలతాయి. అది చూసిన పిల్లవాడికి ఆ బెరడును గోటితో గీకవద్దని ఎవరూ చెప్పనక్కరలేదు. పెద్దలు చేయవలసిందల్లా తొందరపెట్టకుండా పక్కన కూర్చోవడం, ఫోన్ జేబులో ఉంచుకోవడం.

నాకు ఎక్కువగా నచ్చిన చోటు గ్లెన్ రోజ్ పట్టణం దగ్గరున్న డైనోసార్ వ్యాలీ. వేసవి ఎండ ఇతర పార్కులకు శత్రువైతే ఈ పార్కుకు చుట్టం. పలక్సీ నది నీరు తగ్గినప్పుడే దాని అడుగున ఉన్న సున్నపురాతి పొర బయటపడి, దాదాపు 11 కోట్ల 30 లక్షల ఏళ్ల నాటి డైనోసార్ల అడుగులు కనిపిస్తాయి. మూడు వేళ్లతో మొన తేలినవి మాంసాహారులవి, గుండ్రంగా పెద్ద గుంటల్లా ఉండేవి నాలుగు కాళ్ల శాకాహారులవి. 2022 నాటి తీవ్రమైన కరువులో నది చాలావరకు ఎండిపోయినప్పుడు, మామూలుగా నీటి కింద ఒండ్రుతో కప్పబడి ఉండే ఆక్రోకాంథోసారస్ అనే మాంసాహార డైనోసార్ అడుగుల వరుసలు కూడా బయటికి వచ్చాయి. అప్పుడు స్వచ్ఛంద సేవకులు చీపుళ్లతో ఒండ్రును ఊడ్చి వాటిని శుభ్రం చేశారు. సంరక్షణ అంటే ఏమిటో ఇక్కడ చెప్పినంత స్పష్టంగా నేను మరెక్కడా వినలేదు. ఆ ఒండ్రు చెత్త కాదు, ఎండకూ వానకూ రాయి అరిగిపోకుండా కాపాడే దుప్పటి; వర్షాలు రాగానే నది మళ్లీ అడుగులను దానితో కప్పేస్తుంది, కప్పేయాలి కూడా. 1938లో ఇక్కడికి వచ్చిన శిలాజాల సేకర్త రోలండ్ బర్డ్ ఆ తర్వాత ఒక అడుగుల వరుసను రాతితో సహా కోయించి న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నాచురల్ హిస్టరీకి తరలించారు. ఆ రోజుల్లో పరిశోధన పద్ధతి అది. ఇప్పుడు ఒక చిన్న రాతిముక్కను జేబులో వేసుకున్నా నేరమే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చెబితే పదేళ్ల పిల్లలు కూడా నిబంధన వెనకున్న కారణాన్ని పట్టుకుంటారు. అడుగుల మీద కాస్త నీళ్లు చల్లితే అంచులు బాగా కనిపిస్తాయి కాబట్టి ఒక ఖాళీ సీసా వెంట తీసుకువెళ్లండి.

హ్యూస్టన్ వైపు ఉండేవారికి బ్రాజోస్ బెండ్ పార్కు దగ్గరవుతుంది. అక్కడి సరస్సుల్లో ఆలిగేటర్లు ఉన్నాయి, కంచె లేదు, కాలిబాటలు సరస్సుల గట్ల మీదుగానే వెళతాయి. ఇది విని కొందరు వెనకాడతారు, కొందరు అతిగా ధైర్యం చేస్తారు. పార్కు కార్యక్రమాలు ఈ రెండు రకాలవారికీ పనికివస్తాయి. నేచర్ సెంటర్‌లో చిన్న ఆలిగేటర్ పిల్లను చూపి వివరిస్తారు. ఆలిగేటర్లకు 30 అడుగుల దూరం పాటించాలని, అవి నోరు తెరిచి బుస కొడితే మనం మరీ దగ్గరికి వచ్చామని అర్థమని, నెమ్మదిగా వెనక్కి నడవాలని చెబుతారు. వేసవిలో ఆడ ఆలిగేటర్లు గూళ్లు కట్టి గుడ్లు పెడతాయి, వేసవి చివర్లో పిల్లలు గుడ్డులోంచే కూత పెడితే తల్లి గూడు తవ్వి వాటిని బయటికి తీస్తుంది. గట్టు మీద కూర్చున్న ఆలిగేటర్ కదలడం లేదంటే నిద్రపోతోందని కాదు, గూడు కాపలా కాస్తూ ఉండవచ్చు. వాటికి తిండి వేయడం చట్టవిరుద్ధం. మనుషుల చేతి తిండికి అలవాటుపడిన జంతువు మనుషులకు భయపడడం మానేస్తుంది, చివరికి దాన్నే తొలగించవలసి వస్తుంది. మిగిలిన చపాతీ ముక్కను ప్రేమతోనే నీళ్లలోకి విసిరే మన పెద్దలకు ఈ సంగతి ముందుగా, మర్యాదగా చెప్పి ఉంచడం మంచిది. ఇదే పార్కులో హ్యూస్టన్ మ్యూజియం ఆఫ్ నాచురల్ సైన్స్ నడిపే జార్జ్ అబ్జర్వేటరీలో శనివారం రాత్రులు టెలిస్కోపులతో ఆకాశం చూపిస్తారు. ఎండ బెడద లేని కార్యక్రమం కాబట్టి వేసవికి ఇది సరిగ్గా సరిపోతుంది.

ఎన్‌చాంటెడ్ రాక్ విషయంలో నా సిఫారసు షరతులతో కూడినది. చుట్టూ ఉన్న నేల నుంచి 425 అడుగుల ఎత్తు లేచిన ఆ గులాబీ గ్రానైట్ కొండ మీద నీడ దాదాపు ఉండదు, రాయి పగలంతా వేడిని పట్టి ఉంచుతుంది. గేటు తెరవగానే ఎక్కి పది గంటలలోపు దిగిపోగలిగితేనే వేసవిలో వెళ్లండి. పైన రాతిలో అక్కడక్కడా లోతు తక్కువ గుంటలు కనిపిస్తాయి. వేసవిలో ఎండి, అడుగున కాస్త మట్టి, రెండు మూడు గడ్డిపరకలు తప్ప ఏమీ లేనట్లుండే వాటిలో అందరూ నిస్సంకోచంగా అడుగుపెట్టి నడుస్తారు. ఆ మట్టిలోనే ఫెయిరీ ష్రింప్ అనే పారదర్శకమైన చిన్న రొయ్యల గుడ్లు వాన కోసం ఎదురుచూస్తూ ఉంటాయి, నీళ్లు నిలవగానే వాటిలోంచి పుట్టిన రొయ్యలు కొద్ది వారాల్లోనే జీవితం ముగిస్తాయి. గుంటల్లో కాలు పెట్టవద్దని, శిఖరం మీదికి కుక్కలను తీసుకురావద్దని ఉన్న నిబంధనలు వీటి కోసమే.

భద్రత గురించి కాస్త నిష్కర్షగా చెప్పాలి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఈతకు దిగే చోట లైఫ్‌గార్డులు ఉండరు. ఇది లోపం కాదు, అక్కడి ఏర్పాటే అది; బోర్డుల మీద రాసే ఉంటుంది. మనలో చాలామంది పెద్దలకు ఈత రాదు, అయినా పిల్లలు నీళ్లలో ఉండగా ఒడ్డున కబుర్లలో పడిపోవడం మామూలు. చాలా పార్కుల్లో లైఫ్ జాకెట్లను ఉచితంగా అరువిస్తారు, తీసుకోండి. గాలి ఊదిన బొమ్మలు, రింగులు లైఫ్ జాకెట్లు కావు. 26 అడుగుల కన్నా చిన్న పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని ఉండాలన్నది చట్టం. నీటిలో ఎవరైనా పిల్లలు ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి ఇంకే పనీ పెట్టుకోకుండా వారినే చూస్తూ ఉండాలి. కుటుంబాలు కలిసి వెళ్లినప్పుడు ఆ పనిని వంతులవారీగా పేరు పెట్టి అప్పగించుకోవాలి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడడం లేదన్నమాటే.

మధ్య టెక్సస్‌లోని హిల్ కంట్రీ అనే కొండ ప్రాంతపు నదుల ఒడ్డున రాత్రి ఉండేవారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. 2025 జూలై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నదికి వచ్చిన మెరుపు వరద చుట్టుపక్కల ప్రాంతంలో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. పలుచని మట్టి కింద రాయి ఉండే ఆ నేల నీటిని ఇంకించుకోదు, ఎగువన పడిన వాన గంటల్లోనే దిగువకు గోడలా వస్తుంది. గుడారం వేయగానే చేయవలసిన మొదటి పని, ఎత్తైన చోటికి ఏ దారిన నడవాలో కార్యాలయంలో అడిగి పగలే ఒకసారి నడిచి చూడడం. సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి హెచ్చరికలు వినిపించే వాతావరణ రేడియో ఒకటి కొనుక్కోవడం వృథా ఖర్చు కాదు. రోడ్డు మీద అడుగు లోతు నీరు పారుతున్నా చిన్న కారు తేలిపోగలదు, కాబట్టి వెనక్కి తిరగాలి.

ఎండ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు: గంటకు కనీసం అర లీటరు నీళ్లు, ఉప్పు తగిలే చిరుతిండి, తల తిరిగినట్లనిపిస్తే వెంటనే నీడ. కార్యక్రమాలను ఎంచుకునేటప్పుడు సమయం చూడడమే అసలు సంగతి. ఉదయం ఎనిమిదింటి పక్షుల నడక, సూర్యాస్తమయం తర్వాత గబ్బిలాలను చూడడం, రాత్రి నడక వంటివి బాగుంటాయి. ఒక పార్కులో మధ్యాహ్నం రెండింటికి పెట్టిన ప్రకృతి నడకకు వెళితే చెప్పిన విషయం మంచిదే అయినా, విన్నవాళ్ల ధ్యాసంతా చెట్టు నీడ మీదే ఉంది. ఎంత దూరం నడవాలి, నీడ ఉంటుందా, కూర్చోవడానికి బల్లలున్నాయా అన్న వివరాలు ప్రకటనల్లో తరచూ ఉండవు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, తాతయ్యలు వెంట ఉంటే ముందుగా ఫోన్ చేసి అడగక తప్పదు. సమాచారం మన భాషలో దొరకదు కాబట్టి వారికి ఎవరో ఒకరు పక్కనుండి చెబుతూ ఉండాలి. ఈ సేవలో నేను తక్కువ మార్కులు వేసేది ఇక్కడే.

గుడారం వేయడమే తెలియని కుటుంబాల కోసం టెక్సస్ అవుట్‌డోర్ ఫ్యామిలీ అనే శిక్షణ ఉంది. గుడారం, పొయ్యి, వంటసామాను వారే ఇచ్చి రేంజర్లు పక్కనుండి నేర్పుతారు, ఒక రుసుముకు ఒక కుటుంబం నుంచి ఆరుగురి వరకు రావచ్చు. మిన్నెసోటా పార్కుల్లోనూ ఇలాంటి క్యాంపింగ్ శిక్షణ ఉంది, అక్కడి వేసవి చల్లన కాబట్టి సెలవుల్లోనే హాయిగా సాగుతుంది. టెక్సస్‌లో మాత్రం దీనికి మార్చినో, అక్టోబరునో ఎంచుకోమని నా సలహా.

చిన్న చిన్న లాభాలు ఇంకొన్ని ఉన్నాయి. స్టేట్ పార్కు హద్దుల్లో ఒడ్డు నుంచి చేపలు పట్టడానికి లైసెన్సు అక్కరలేదు. సొంత పడవ ఉన్నవారు జీబ్రా గుల్లలు (జీబ్రా మసెల్స్ అనే హానికరమైన చిన్న ఆల్చిప్పలు) ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు వ్యాపించకుండా బయటికి తీయగానే పడవను కడిగి, నీళ్లన్నీ వంపేసి, ఆరబెట్టాలి. ఓక్ చెట్లను చంపే తెగులు, పురుగులు కట్టెలతో పాటు ప్రయాణిస్తాయి కాబట్టి ఇంటి నుంచి కట్టెలు మోసుకెళ్లకుండా పార్కు దగ్గరే కొనుక్కోవాలి. కట్టెలు కొనే ముందు అక్కడ మంటల నిషేధం అమల్లో ఉందో లేదో కనుక్కోండి. ఫ్రియో నది ఒడ్డునున్న గార్నర్ పార్కులో వేసవి రాత్రుల్లో జ్యూక్‌బాక్స్ పాటలకు జనం నాట్యం చేసే ఆనవాయితీ దశాబ్దాలుగా సాగుతోంది. చదువు, భద్రత, సంరక్షణ అన్న మాటలేవీ దానికి అంటవు గాని, పిల్లలకు బాగా గుర్తుండిపోయేది బహుశా అదే.

ఈ వేసవికి ఒక్కచోటికే వెళ్లగలిగితే, నీరు బాగా తగ్గే ఆగస్టులో, వారం మధ్య రోజున, డైనోసార్ వ్యాలీకి ప్రవేశం ముందుగా కేటాయించుకోండి. బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి, ఏ చోట అడుగులు బయటికి కనిపిస్తున్నాయో అడగండి.