చంద్రుడా, మార్సా? నా ఓటు ఎటంటే

చిన్నప్పట్నుంచీ రాకెట్ల పిచ్చి నాకు, ఎక్కడ లాంచ్ ఉన్నా నిద్ర మానేసి చూసే బాపతు. మనుషులు ముందు ఎక్కడ ఇల్లు కట్టాలి, చంద్రుడి మీదా మార్స్ మీదా అని ఎవరైనా మొదలెడితే ఇక నన్ను ఆపలేరు.

చంద్రుడంటే పక్కింటికి వెళ్ళినట్టే, 3.84 లక్షల కిలోమీటర్లు, మూడు రోజుల్లో చేరిపోవచ్చు. 1970లో చంద్రుడి మీదికి బయల్దేరిన అమెరికా నౌక అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంక్ పేలితే చంద్రుణ్ణి చుట్టేసి ముగ్గురూ క్షేమంగా ఇంటికొచ్చేశారు చూడండి, అదే మార్స్ దారిలో జరిగితే వెనక్కి రావడానికి నెలలు. పైగా అక్కడికి మంచి లాంచ్ టైమ్ 26 నెలలకోసారే, మనం మాట్లాడిన మాట చేరడానికే ఒక్కోసారి 20 నిమిషాలు దాటుద్ది, ఇక ఎమర్జెన్సీలో ఎవర్ని అడుగుతాం?

కానీ ఉండటానికైతే మార్సే కాస్త నయం. రోజు మనలాగే 24 గంటల 40 నిమిషాలు, చంద్రుడి మీదేమో రాత్రే రెండు వారాలు, సోలార్ ప్యానెళ్ళు నమ్ముకుంటే అంతే సంగతులు. మార్స్ గాలి పల్చనే అయినా అందులోని కార్బన్ డయాక్సైడ్ నుంచి, అక్కడ తిరిగే నాసా రోబో బండి పర్సెవరెన్స్ రోవర్‌లోని మాక్సీ అనే డబ్బా మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. నవ్వొస్తుంది గానీ నాకైతే ఆ 122 గ్రాములే పెద్ద సంబరం!

అయినా నా ఓటు ముందు చంద్రుడికే. 1972 డిసెంబర్ తర్వాత అక్కడ మనిషి అడుగే పడలేదు, శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-3 దక్షిణ ధ్రువం దగ్గర దిగిన రోజు మా ఇంట్లో నేనొక్కడినే కుర్చీ ఎక్కి ఈలలేశా, మనిషి దిగితే ఏం చేస్తానో మరి.